ఆశ్రమం వంటగదికి వెళ్తున్న లలితకు

చి. ల. సౌ. లలితకు పెద్దమ్మ ఆశీస్సులు.

బెంగళూరు యలహంక దగ్గర వృద్ధాశ్రమంలో నలభై మందికి వంట చూసుకునే పని ఒప్పుకున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. గర్వంగా ఉంది, గుబులుగానూ ఉంది. ఇంట్లో ఒకరు ముద్ద వదిలేస్తే అందరికీ తెలుస్తుంది. నలభై కంచాల్లో ఒకటి అలాగే వెనక్కొస్తే పట్టించుకునేదెవరే?

శుభ్రత, వేళకు వడ్డించడం, మెత్తగా ఉడికించడం నీకు చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది జావ సంగతి.

పళ్లు లేవు, అరగదు అనగానే మనం మొదట చేసే పని నీళ్లు పొయ్యడం. తరతరాలుగా, ప్రేమతోనే చేస్తున్న తప్పిది. పలచటి జావ, నీళ్ల చారు, నీళ్ల మజ్జిగ. పెద్దవాళ్ల ఆకలి చిన్నది. గ్లాసుడు తాగితే కడుపు నిండిపోతుంది, ఇక ముద్ద దిగదు. లెక్క చూడు. 15 గ్రాముల రాగిపిండి నీళ్లలో కాచి గ్లాసు నింపితే ఉండేది సుమారు 50 క్యాలరీలు, ఒక్క గ్రాము ప్రొటీను. అదే గ్లాసులో 20 గ్రాముల పిండి, నీళ్లకు బదులు 150 మిల్లీలీటర్ల నందిని పాలు, రెండు చెంచాల (10 గ్రాముల) వెన్న తీసిన పాలపొడి, దించాక చెంచా నెయ్యి వేస్తే దాదాపు 230 క్యాలరీలు, 9 గ్రాముల ప్రొటీను. గ్లాసు మారలేదు, తాగే మనిషికి శ్రమ పెరగలేదు. పాలపొడిని ముందు చల్లటి పాలలో కలుపుకో, వేడి జావలో వేస్తే ఉండలు కడుతుంది. పాలు పడనివాళ్లకు పెరుగు, గుడ్డు, మెత్తటి పప్పు చూడు.

50 కిలోల మనిషికి రోజుకు 50 నుంచి 60 గ్రాముల ప్రొటీను కావాలి. కిడ్నీ జబ్బున్నవాళ్లకు మాత్రం ఎంతన్నది డాక్టరే చెప్పాలి. మధ్యాహ్నం పప్పు ఉంటుంది కాబట్టి ఫరవాలేదు, మోసం చేసేది పొద్దుటి టిఫినే. రెండిడ్లీల్లో నాలుగు గ్రాములకు అటూ ఇటూగా ఉంటుంది. పక్కన ఉడికించిన గుడ్డో, గట్టి పప్పు సాంబారో, గ్లాసు పాలో ఉండాల్సిందే. చలికాలంలో మన అనపకాయ, అక్కడివాళ్ల అవరెకాయ, మార్కెట్టు నిండా దిగుతుంది. గింజలు నానబెట్టి తొక్క పితికి వండు. పితకపప్పు వెన్నలా ఉడుకుతుంది, పళ్లు లేనివాళ్లూ ఇష్టంగా తింటారు.

రాత్రి ఏడింటికి భోజనం, పొద్దున తొమ్మిదింటికి టిఫిన్ అంటే మధ్యలో 14 గంటలు. తొమ్మిదింటికి పడుకోబోయే ముందు పాలు ఇవ్వకుండా వంటగదికి తాళం వెయ్యకు.

ఇక నాకు అన్నిటికంటే భయం వేసేది గొంతు. పక్షవాతం వచ్చినవాళ్లు, పార్కిన్సన్స్ అనే వణుకుడు జబ్బు ఉన్నవాళ్లు చారన్నం తింటుంటే గమనించు. మెతుకు నోట్లో ఉండగానే చారు ముందు జారి గాలిగొట్టంలోకి పోతుంది. తిన్నాక దగ్గు వస్తున్నా, గొంతు తడిగా గరగరలాడుతున్నా ఆ రోజే నర్సుకు చెప్పు, మింగడం పరీక్షించే థెరపిస్టుకు చూపించమను. రాగి ముద్ద అతుక్కుంటుంది, బొరుగులు చెదురుతాయి, అలాంటివాళ్లకు రెండూ వద్దు. రుబ్బి పెట్టమని చెబితే అన్నం, పప్పు, కూర వేరువేరుగా రుబ్బి వేరువేరుగా వడ్డించు. అన్నీ కలిపేసిన బురద ముద్ద చూస్తే నువ్వు తింటావటే? రుబ్బింది చెంచాతో తీసి వంచి చూడు. ముద్దగా జారిపడితే సరిగ్గా ఉన్నట్టు. చెంచాకు అతుక్కుపోతే గట్టిది, ధారగా కారితే పలచన. తిన్నాక అరగంట కూర్చోబెట్టే ఉంచాలి.

ఒకరికి బీపీ, ఇంకొకరికి షుగరు అని నలభై మందికీ చప్పటి కూడు వండకు తల్లీ. వయసు మీద పడ్డాక నాలుకకు రుచి తెలియడం తగ్గుతుంది. చప్పగా ఉంటే తినడమే మానేస్తారు, ఆ మానెయ్యడమే పెద్ద ప్రమాదం. ఎవరికి ఎంత ఉప్పో డాక్టరు చేత రాయించుకో. ఉప్పు తగ్గించినచోట నిమ్మరసం, జీలకర్ర, ఇంగువ, కరివేపాకు పోపు పెట్టు.

దాహం కూడా తగ్గిపోతుంది, అడిగేదాకా ఆగకు. గుండె, కిడ్నీల వల్ల నీళ్లు తగ్గించమని చెప్పనివాళ్లకు పాలు, మజ్జిగ, కాఫీతో కలిపి రోజుకు లీటరున్నర తగ్గకూడదు.

నెలకోసారి, అదే తూకం మీద, టిఫిన్‌కు ముందు బరువు చూడు. 50 కిలోలుండే ఆవిడ నెలలో రెండున్నర కిలోలు తగ్గిందంటే అది వయసు కాదు, డాక్టరుకు చెప్పాల్సిన మాట. చీరలో చిక్కిన ఒళ్లు కనపడదు. చెయ్యెత్తినప్పుడు గాజులు మోచేతి దాకా జారుతున్నాయా, కట్టుడు పళ్లు మాట్లాడుతుంటే కదులుతున్నాయా చూడు.

సంక్రాంతికి ఇంటికి వచ్చేటప్పుడు ఆ బరువుల పుస్తకం తీసుకురా, ఇద్దరం కూర్చుని ఒక్కో పేరూ చూద్దాం. నువ్వు కూడా వేళకు తిను.

మీ పెద్దమ్మ