ముందు చిల్లులు, తరవాతే పేరు

చిరంజీవి తమ్ముడికి,

ఆశీస్సులు. నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటి వాక్యంలోనే "1840 నాటి సెత్ థామస్ గడియారం" అని, అమెరికన్ తయారీదారు పేరుతో సహా తేల్చేశావు. దానికి నీ దగ్గరున్న ఆధారం పెట్టె లోపల అంటించిన కాగితం ఒక్కటే. ఆ కాగితం పెట్టెకు సాక్షి కావచ్చు గానీ లోపల తిరిగే యంత్రానికి కాదు. పెట్టె, యంత్రం, డయలు, ముళ్ళు, అద్దం, గంట, ఒక్కోదానికి ఒక్కో వయసు ఉండొచ్చు. వాటి లెక్క తేలాకే పేరు రాయాలి.

నీ ఫోటోల్లోది ఓజీ పెట్టె. తలుపు చుట్టూ ఎస్ ఆకారంలో వంపు తిరిగిన చట్రం, సుమారు 26 అంగుళాల ఎత్తు, పదిహేనున్నర వెడల్పు, పైన్ చెక్క మీద మహాగని పొర. అమెరికాలో కనెటికట్ రాష్ట్రపు గడియారాల తయారీదారు చౌన్సీ జెరోమ్ 1830ల చివర ఇలాంటి పెట్టెలో 30 గంటలు నడిచే రేకు ఇత్తడి యంత్రం పెట్టి చౌకగా అమ్మాడు. దాంతో చెక్క చక్రాల యంత్రాలకు కాలం చెల్లింది. కనెటికట్‌లోని మిగతా కంపెనీలూ అదే దారి పట్టాయి, ఓజీలు లక్షల్లో తయారయ్యాయి. కాబట్టి "అరుదైన" అన్న మాట కొట్టెయ్.

ఇక నీ మూడో ఫోటో. అసలు వ్యాసం అందులో ఉంది, నువ్వు దాటిపోయావు. పెట్టె పైపలకలో కుడి ఎడమల రెండు గాళ్ళు, వాటిలో రెండు చిన్న కప్పీలు కనిపిస్తున్నాయి. బరువులతో నడిచే గడియారానికే కప్పీలు కావాలి. తాడు యంత్రం నుంచి పైకెళ్ళి, కప్పీ మీదుగా పక్క అరలోకి దిగి ఇనప బరువును మోస్తుంది. నీ గడియారంలో ఉన్నదేమో స్ప్రింగు యంత్రం. అంటే ఆ పెట్టె పుట్టినప్పుడు అందులో ఉన్న యంత్రం ఇది కాదు. ఎవరో పాతది తీసి, దొరికినది బిగించారు. బరువులు పోయో, చక్రాల పళ్ళు అరిగో, రోజూ కీ ఇవ్వలేక ఎనిమిది రోజులది కావాలనో చేసి ఉండొచ్చు. ఎందుకు చేశారో ఊహించి రాయొద్దు. చేశారన్నది మాత్రం రుజువు చెయ్యి.

రుజువు కోసం డయలు విప్పాలి. ముందు లోలకం తీసెయ్. బరువుల గడియారమైతే బరువులు కూడా. నిమిషాల ముల్లు ముందున్న చిన్న సూదిపిన్ను లాగితే ముళ్ళు ఊడతాయి, తరవాత డయలు. యంత్రాన్ని మాత్రం నువ్వు కదపకు. కీ ఇచ్చి ఉన్న స్ప్రింగు ఒక్కసారిగా విడిపోతే చక్రాల పళ్ళు విరుగుతాయి, వేళ్ళు తెగుతాయి. ఆ పని స్ప్రింగు బిగువు దింపడం తెలిసిన మెకానిక్కుది.

డయలు తీశాక టార్చిని పక్కనుంచి, వెనక పలకను రాసుకుంటూ వెలుగు పడేలా పట్టుకో. నీకు కావలసినవి యంత్రం బిగించిన చిల్లులు కావు, ఇప్పుడు ఏ పనీ లేని చిల్లులు. బరువుల ఓజీలో యంత్రాన్ని ఎక్కువగా రెండు నిలువు బద్దీల మధ్య కూర్చోబెట్టేవాళ్ళు. ఆ బద్దీలు కోసేసి ఉంటే కోసినచోట చెక్క లేతగా ఉంటుంది. రంగు పూసి దాచినా చుట్టూ ఉన్న పాత మట్టిరంగుతో కలవదు. పాత యంత్రం అడ్డుగా ఉన్నంత మేర పలక మీద నీడలాంటి మచ్చ ఉంటుంది. అది ఇప్పటి యంత్రం ఆకారంతో సరిపోతుందో లేదో కొలిచి చూడు. గంట పీట కింద కూడా ఇలాగే చూడాలి.

డయలుదీ అదే పరీక్ష. కీ పెట్టే ఇరుసులు చిల్లుల నడిమధ్యకు రావాలి. పక్కకు ఒరిగినా, చిల్లును ఆకురాయితో వెడల్పు చేసినా ఆ డయలు ఈ యంత్రం కోసం చేసింది కాదు.

స్క్రూలూ కొంత చెబుతాయి. మొన సూదిగా ఉన్న ఫ్యాక్టరీ స్క్రూలు 1840ల రెండో సగం నుంచి వాడుకలోకి వచ్చాయి. ప్లస్ గాడి స్క్రూ అయితే 1930లకు ముందుది కానే కాదు. కానీ ఒక్క కొత్త స్క్రూను చూసి యంత్రం మార్చారనకు. అది మరమ్మతు మాత్రమే కావచ్చు.

యంత్రం మీద ఒక పేరు, కాగితం మీద ఇంకో పేరు ఉన్నా తొందరపడకు. కనెటికట్ రాష్ట్రంలోని బ్రిస్టల్ చుట్టుపక్కల కొందరు యంత్రాలు మాత్రమే చేసి ఇతరులకు అమ్మేవాళ్ళు. పేర్లు కలవకపోవడం అనుమానానికి చాలు, తీర్పుకు చాలదు. జెరోమ్ సంగతే చూడు. అతని కంపెనీ 1850ల మధ్యలో దివాలా తీశాక న్యూ హేవెన్ క్లాక్ కంపెనీ ఆ పేరును దశాబ్దాలపాటు వాడుకుంది.

నీ కాగితం మీద "ప్లిమత్ హాలో" అని ఉంది. అది కనెటికట్ రాష్ట్రంలో థామస్ కర్మాగారం ఉన్న ఊరు. సెత్ థామస్ 1859లో పోయాక, 1860లలో ఆ ఊరికి అతని పేరుమీద థామస్టన్ అన్న పేరొచ్చింది. కాబట్టి ఆ కాగితం 1860ల మధ్యకు ముందుదని చెప్పొచ్చు. 1840 అని చెప్పడానికి వీల్లేదు. ఇంకా దగ్గరగా వెళ్ళాలంటే అడుగున చిన్న అక్షరాల్లో ఉండే ముద్రాపకుడి పేరు, వీధి చదువు. అదే రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డ్‌లో ఎలిహు గీర్ లాంటి ముద్రాపకుల మారిన చిరునామాలను పాత నగర డైరెక్టరీలతో పోల్చి కాగితం కాలం కడతారు. కాగితం కొత్త నకలు కాదని కూడా చూడు. పదిరెట్ల భూతద్దంలో రంగు చుక్కలు కనిపిస్తే అది నేటి ముద్రణ. అల్ట్రావయొలెట్ టార్చి కింద నీలితెలుపుగా వెలిగితే కాగితంలో 20వ శతాబ్దం మధ్య నుంచి కలుపుతున్న తెలుపు రసాయనం ఉన్నట్టే. వెలగనంత మాత్రాన పాతదని కాదు.

థామస్ కంపెనీ తరవాతి గడియారాల వెనకో అడుగునో "5881ఎఫ్" లాంటి ముద్ర ఉంటుంది. కొత్తవాళ్ళు దాన్ని సీరియల్ నంబరంటారు. అది తిరగేసిన సంవత్సరం, పక్కన నెల అక్షరం: 1885 జూన్.

మన పాతసామాన్ల దుకాణంలో దొరికిన "అమెరికా" గడియారం గురించి ఎప్పుడైనా రాస్తే వెనక పలక ఏ చెక్కో ముందు చూడు. టేకు అయితే ఆ పెట్టె కనెటికట్‌లో పుట్టలేదు, లోపలి యంత్రం ఎంత నిఖార్సయినదైనా సరే.

విలువ గురించి నువ్వు రాసిన పేరా మొత్తం తీసెయ్. దుకాణదారు అడిగే ధరను విలువ అన్నావు. వేలంలో అమ్ముడైన ధరలే చూడు. అందులో కొనుగోలుదారు రుసుము, అంటే వేలం సంస్థ కొనేవాడి దగ్గర అదనంగా తీసుకునేది, కలిసిందో లేదో చూసి రాయి. బీమాకా, అమ్మకానికా, అన్నదమ్ముల పంపకానికా అన్నదాన్నిబట్టి అంకె మారుతుంది, అదీ చెప్పాలి. మామూలు ఓజీ, ఏ మార్పూ లేనిదే, అమెరికా వేలాల్లో వంద, రెండు వందల డాలర్లకు పోవడం వింతేమీ కాదు. యంత్రం మారినదాన్ని భాగాలుగా లెక్కకట్టు. పెట్టె, చదవదగ్గ కాగితం, అసలైన రంగుల బొమ్మ అద్దం ఉంటే అది, నడిచే యంత్రం. వీటి మొత్తంలోంచి బాగుచేయించే ఖర్చు తియ్యి. అన్నిటికన్నా ఆ బొమ్మ అద్దం మీద శ్రద్ధ పెట్టు. గాజులో అలలు, చిన్న బుడగలు, వెనకనుంచి పెచ్చులూడిన రంగు ఉంటే పాతదయ్యే అవకాశం ఎక్కువ. ఆ పెచ్చులు ఎవరినీ తుడవనివ్వకు.

"నకిలీ" అన్న మాట మూడుచోట్ల వాడావు. మోసం చెయ్యాలని చేసినదే నకిలీ. ఇది యంత్రం మార్చిన గడియారం, అంతే. వాక్యం ఇలా రాయొచ్చు: "ప్లిమత్ హాలో కాగితంతో సెత్ థామస్ ఓజీ పెట్టె, 1860ల మధ్యకు ముందుది, మొదట బరువులతో నడిచేది, ఇప్పుడున్న స్ప్రింగు యంత్రం తరవాత వేసింది."

మళ్ళీ పంపేటప్పుడు గడియారం ముఖం ఫోటో అక్కర్లేదు. వెనక పలక మీది ఖాళీ చిల్లులు స్కేలు పక్కన పెట్టి తీసినవి, యంత్రం ముందురేకు మీది ముద్ర, ముద్రాపకుడి పేరున్న చివరి వరస పంపు. కీ ఇరుసు చిల్లు మధ్యనుంచి ఎన్ని మిల్లీమీటర్లు పక్కకుందో కూడా రాయి.

ఇట్లు,
మీ అన్నయ్య