ఇంట్లో పారేసే వస్తువులతో లోంగేవాలా యుద్ధ దృశ్యం: ముందు చక్రాలు వెతకండి

మీరు అడిగింది ఇది: తొమ్మిదో తరగతి చదివే మీ అబ్బాయి స్కూల్ ఎగ్జిబిషన్‌కి 1971 భారత్-పాక్ యుద్ధంలో రాజస్థాన్ ఎడారిలో జరిగిన లోంగేవాలా యుద్ధం డయోరమా, అంటే చిన్న బొమ్మలతో పేర్చిన దృశ్యం, చేస్తానంటున్నాడు. ప్లాస్టిక్ ట్యాంక్ కిట్ ధర చూశాక, ఇంట్లో ఉన్నవాటితోనే చేద్దామనుకున్నారు. అలా చేస్తే నిజమైన దృశ్యంలా కనిపిస్తుందా, ఎక్కడ మొదలుపెట్టాలి?

కనిపిస్తుంది. నేను కిట్లు కొనీ చేశాను, అట్టముక్కలతోనూ చేశాను. చూడటానికి వచ్చినవాళ్లు ఎక్కువసేపు నిలబడేది అట్టముక్కల ట్యాంక్ ముందే. కాకపోతే దానికి ఒక షరతు ఉంది: అన్నీ ఒకే స్కేల్‌లో, అంటే అసలు కొలతకన్నా అన్నీ సరిగ్గా అన్నే రెట్లు చిన్నగా, ఉండాలి. చెత్తతో చేసిన మోడల్ బొమ్మలా కనిపించడానికి కారణం సాధారణంగా చెత్త కాదు, కొలత. బాడీ ఒక స్కేల్‌లో, చక్రాలు ఇంకో స్కేల్‌లో, పక్కన నిలబెట్టిన సైనికుడు మరో స్కేల్‌లో ఉంటే ఎంత మంచి రంగు వేసినా కన్ను ఒప్పుకోదు.

అందుకే కత్తెర పట్టుకునే ముందు చక్రాలు వెతకమంటాను. లోంగేవాలాకి వచ్చిన పాకిస్తాన్ ట్యాంకుల్లో ముఖ్యమైనది టీ-59. సోవియట్ టీ-54 నమూనాలో చైనా తయారుచేసింది. దానికి ఒక్కో వైపు ఐదు చక్రాలు, మొత్తం పది. ఒక్కో చక్రం వ్యాసం 810 ఎంఎం. మీ ఇంట్లో సరిగ్గా ఒకే సైజులో ఉన్న పది గుండ్రటి వస్తువులు ఏమున్నాయో చూడండి. ఒకదాని వ్యాసం రూలర్‌తో ఎంఎంలలో కొలవండి. 810ని ఆ కొలతతో భాగించండి. వచ్చిన అంకే మీ స్కేల్.

నీళ్ల సీసా మూతలు సుమారు 30 ఎంఎం ఉంటాయి. 810ని 30తో భాగిస్తే 27. అంటే మీ ట్యాంక్ 1:27లో, అసలుకన్నా 27 రెట్లు చిన్నగా, చేయాలి. నా దగ్గర ఎక్కువగా పోగయ్యేవి దగ్గు మందు సీసాల అల్యూమినియం మూతలు. అవి 25 ఎంఎం. భాగిస్తే 32 పైచిలుకు. 1:32 మోడలింగ్‌లో బాగా వాడుకలో ఉన్న స్కేలే, కాబట్టి ఎప్పుడైనా షాపులో సైనికుల బొమ్మలు కొనాలనిపించినా అవి అతుకుతాయి. చుట్టాలకీ, పక్కింటివాళ్లకీ ఒక మాట చెప్పి ఉంచితే పది మూతలు పోగవడం పెద్ద పని కాదు.

స్కేల్‌ని ఇలా దొరికిన వస్తువు నిర్ణయించడం తప్పేమో అనుకోకండి. ఇవాళ ప్రపంచమంతా మిలిటరీ మోడళ్లకు ప్రామాణికంగా వాడే 1:35 పుట్టింది కూడా ఇలాగే. 1960ల మొదట్లో జపాన్‌కి చెందిన తమియా కంపెనీ మోటారుతో నడిచే ప్యాంథర్ ట్యాంక్ కిట్ చేసింది. లోపల బ్యాటరీలు పట్టేంత సైజులో దాన్ని తయారుచేశారు. తర్వాత కొలిచి చూస్తే అది సుమారు 1:35 అని తేలింది.

ఇప్పుడు లెక్క 1:32 అనుకుందాం. టీ-59 బాడీ పొడవు 6.04 మీటర్లు, వెడల్పు 3.27. అంటే మీ మోడల్ బాడీ 189 ఎంఎం పొడవు, 102 ఎంఎం వెడల్పు. 172 సెంటీమీటర్ల సైనికుడు 54 ఎంఎం. 3.3 మీటర్ల జీపు 103 ఎంఎం. ఈ అంకెలన్నీ ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి. మీ అబ్బాయి చేతే భాగహారాలు చేయించండి. ఎగ్జిబిషన్‌లో టీచర్లు అడిగే మొదటి ప్రశ్న దీని మీదే ఉంటుంది.

ఆ కాగితం ఉంటే చెత్తబుట్ట వేరేలా కనిపిస్తుంది. ఉదాహరణకి మన సైనికుల దగ్గర జీపు మీద అమర్చిన 106 ఎంఎం రీకాయిల్‌లెస్ గన్ (పేల్చినప్పుడు వెనక్కి తన్నని, ట్యాంకులను కొట్టే ఫిరంగి) ఉంది. పేరులో 106 ఉన్నా అసలు కొలత 105 ఎంఎం, దాన్ని 32తో భాగిస్తే 3.3. అది గొట్టం లోపలి రంధ్రం మాత్రమే. బాల్‌పెన్ రీఫిల్ పెడదామనిపిస్తుంది, కానీ రీఫిల్ బయటి మందమే 3 ఎంఎం, చాలా సన్నం. చిన్న జ్యూస్ ప్యాకెట్‌తో వచ్చే స్ట్రా బయట 4 ఎంఎం దగ్గర ఉంటుంది, సరిగ్గా అదే కావాలి. ట్యాంక్ ఫిరంగి దానికన్నా లావు, దానికి మామూలు కూల్‌డ్రింక్ స్ట్రా. 200 లీటర్ల డీజిల్ పీపా 18 ఎంఎం వ్యాసం, 27 ఎంఎం ఎత్తు వస్తుంది. స్కెచ్ పెన్ను మీద కాగితం పట్టీని ఆ లావు వచ్చేదాకా ఫెవికాల్‌తో చుట్టండి. ఆరాక పైనుంచి రెండు చోట్ల దారం చుట్టి అంటిస్తే పీపా మీది కట్లు వచ్చేస్తాయి. ఈ పీపాలు వదలకండి. లోంగేవాలాలో ట్యాంకుల మీద అదనపు ఇంధనం పీపాలు ఉన్నాయి, అవి అంటుకుని మండటంతో ఆ వెలుగులో మనవాళ్లకు మిగతా ట్యాంకులు కనిపించాయి.

బాడీకి నేను వాడేది పెళ్లి శుభలేఖలు. అట్టపెట్టె అట్ట అంచు కోస్తే లోపలి మడతలు బయటపడి ఇనుములా కనిపించదు. శుభలేఖ అట్ట గట్టిగా, నున్నగా ఉంటుంది, అంచు చక్కగా తెగుతుంది. రెండు మూడు పొరలు అంటించి, రాత్రంతా పుస్తకాల కింద బరువు పెట్టి ఉంచితే వంగదు. పార్సిల్ పెట్టె అట్టని మాత్రం ట్యాంక్ పట్టాలకు దాచండి. పైకాగితాన్ని కొద్దిగా తడిపి నెమ్మదిగా ఒలిస్తే లోపలి గరుకు మడతలు బయటపడతాయి. ఎంత సన్నటి మడతలుంటే అంత మంచిది. 18 ఎంఎం వెడల్పు పట్టీలు కోసి చక్రాల చుట్టూ తిప్పండి. ఒక్క సంగతి గుర్తుంచుకోండి: టీ-59లో మొదటి చక్రానికీ రెండో చక్రానికీ మధ్య ఖాళీ మిగతావాటికన్నా ఎక్కువ. తెలిసినవాళ్లు ట్యాంక్‌ని గుర్తుపట్టేది దాంతోనే. అది సరిగ్గా వస్తే మీ అట్ట ట్యాంక్ టీ-59 అయిపోతుంది.

ట్యాంక్ పైన ఫిరంగిని మోసే గుండ్రటి టరెట్‌కి అచ్చు మీ వంటింట్లోనే ఉంది. ఏడు సెంటీమీటర్ల వెడల్పున్న గుంట గరిటె తీసుకుని, వెనకవైపు నూనె రాసి, ఫెవికాల్ నీళ్లలో తడిపిన న్యూస్‌పేపర్ ముక్కలు ఆరేడు పొరలు అంటించండి. బాగా ఆరాక ఊడదీస్తే చిప్ప వస్తుంది. సగం బంతి పెట్టినదానికన్నా ఇది బాగుంటుంది, ఎందుకంటే అసలు టరెట్ కూడా గరిటెలాగే కాస్త పల్చటి గుండ్రం.

ఇక నేల. నిజం ఇసుక వేస్తే ఎడారి అవుతుందని అందరూ అనుకుంటారు. అర ఎంఎం ఇసుక రేణువు 1:32లో పదహారు ఎంఎం కంకర రాయి! కాబట్టి మీ ఎడారి కంకర గుట్టలా ఉంటుంది. ముగ్గుపిండి వాడండి. ఇసుకకన్నా మెత్తగా ఉంటుంది, రంగు పట్టుకుంటుంది. థర్మాకోల్ ముక్కలు అంటించి ఇసుక తిన్నెల ఆకారం తేండి. మీద టిష్యూ కాగితం ఫెవికాల్‌తో పరిచి, అది తడిగా ఉండగానే టీ వడగట్టుతో ముగ్గుపిండి చల్లండి. ఆరాక పోస్టర్ కలర్‌లో పసుపుపచ్చ, గోధుమ, ఎక్కువగా తెలుపు కలిపి పల్చగా వేయండి. వంటింటి పసుపు మాత్రం కలపకండి, ఎండ తగిలితే వెలిసిపోతుంది. థర్మాకోల్ మీద నేరుగా స్ప్రే పెయింట్ కొడితే థర్మాకోల్ కరిగిపోతుంది, థిన్నర్ ఉన్న ఏ రంగైనా అంతే.

మన ఇళ్లలో ఇది కొత్త విద్యేమీ కాదు. బొమ్మల కొలువులో ఆవాలు మొలకెత్తించి పొలం చేస్తారు, అద్దం ముక్కతో చెరువు చేస్తారు. నా చేతికి ఈ అలవాటు మా అమ్మ పెట్టే కొలువు దగ్గరే పట్టింది. కొలువులో రైలు పక్కన రైలంత ఆవు ఉన్నా అందమే. యుద్ధ దృశ్యంలో అది కుదరదు, ఎందుకంటే ఎవరు ఎంత చిన్నగా, ఏ ఆయుధం ఎంత పెద్దగా ఉందన్నదే అక్కడి కథ.

ఆ కథ గురించి కూడా కొంచెం ఆలోచించాలి. రెండడుగుల బోర్డు అంటే 1:32లో పందొమ్మిదిన్నర మీటర్ల నేల మాత్రమే. అందులో యుద్ధం మొత్తం పట్టదు. నలభై ట్యాంకులు, మన వాయుసేన హంటర్ యుద్ధ విమానాలు, మన సైనిక పోస్టు అన్నీ కలిపి పెడితే ఏదీ నిజంగా ఉండదు. 1971 డిసెంబరు 4 రాత్రి నుంచి 5 వరకు అక్కడ నిలబడింది 23 పంజాబ్ బెటాలియన్‌కి చెందిన ఒక కంపెనీ, సుమారు 120 మంది, మేజర్ కుల్దీప్ సింగ్ చాంద్‌పురి నాయకత్వంలో. ఆయనకు మహావీర్ చక్ర ఇచ్చారు. ఆ రాత్రి ట్యాంకులు ముళ్లతీగ కంచె చూసి మందుపాతరలు ఉన్నాయేమోనని ఆగిపోయాయి. మెత్తటి ఇసుకలో కొన్ని కూరుకుపోయాయి. తెల్లారగానే జైసల్మేర్ నుంచి హంటర్లు వచ్చాయి. వాటినుంచి తప్పించుకోవడానికి ట్యాంకులు గుండ్రంగా తిరిగిన చారలు వాయుసేన తీసిన ఫొటోల్లో ఇప్పటికీ చూడొచ్చు.

నేనైతే 5వ తేదీ ఉదయం ఎంచుకుంటాను. ఇసుకలో ముందుకు ఒరిగి ఇరుక్కుపోయిన ఒక్క టీ-59. దాని వెనక వంకరగా తిరిగిన పట్టాల చారలు, ముందు ముళ్లతీగ, పక్కన మసిబారిన పీపా. అంతే. చక్రాలు సగం ఇసుకలో ఉంటాయి కాబట్టి పనీ తగ్గుతుంది. చారలు వేయడానికి మిగిలిన గరుకు అట్ట పట్టీని పాలిథిన్‌లో చుట్టి, నేల తడిగా ఉన్నప్పుడే ఒత్తుకుంటూ పోండి. మసికి దీపం మీద పట్టిన కాటుక వాడండి, ఏ నల్లరంగూ అంత మెత్తగా పరుచుకోదు. ట్యాంక్ అంచుల మీద పెన్సిల్ ముల్లు పొడి వేలితో రుద్దితే ఇనుము మెరుపు వస్తుంది. ముళ్లతీగకు పాడైన ఛార్జర్ వైరు విప్పండి. లోపలి సన్నటి రాగి పోగులు రెండు మెలిపెట్టి, ప్రతి మూడు నాలుగు ఎంఎంలకు చిన్న ముక్క ముడివేయాలి. ఓపిక కావాలి, కానీ డయోరమాలో అందరూ వంగి చూసే చోటు అదే అవుతుంది. కంచె గుంజలకు అగరుబత్తి పుల్లలు చాలు.

మన పోస్టు చూపించాలని మీ అబ్బాయి పట్టుబడితే వేరే చిన్న బోర్డు మీద ఇసుక బస్తాల గోడ ఒక్కటి చేయించండి. ఎం-సీల్ కొంచెం ఖరీదు, కాగితం గుజ్జులో ఫెవికాల్ కలిపినా సరిపోతుంది. ఒక్కో బస్తా 15 ఎంఎం పొడవు, 8 వెడల్పు, 4 మందం. మెత్తగా ఉండగానే బ్యాండేజీ గుడ్డ ఒత్తితే గోనె నేత పడుతుంది. ఆరనిచ్చి పేర్చొద్దు. పచ్చిగా ఉన్నప్పుడే ఇటుకల వరసలో పేర్చి పైనుంచి మెల్లగా నొక్కితే కింది బస్తాలు కొద్దిగా ఉబ్బుతాయి, అప్పుడు వాటికి బరువు ఉన్నట్టు కనిపిస్తుంది. గోధుమపిండి, మైదా జోలికి మాత్రం పోకండి. వానాకాలం వచ్చేసరికి చీమలూ పురుగులూ తినేస్తాయి.

మనుషుల్ని చేయడం అన్నిటికన్నా కష్టం. పూర్తి మనిషిని చేయకుండా బస్తాల వెనక భుజాల వరకు చేస్తే చాలు: తీగతో అస్థిపంజరం, దాని మీద ఫెవికాల్‌లో ముంచిన టిష్యూతో బట్టలు. సిక్కు సైనికుల తలపాగాకి బ్యాండేజీ గుడ్డలో సన్నటి పట్టీ కోసి చుట్టండి. ముఖం వివరాలు వద్దు, గన్ వైపు తిరిగి ఉంటే చాలు. వాళ్లు నిజంగా అక్కడ నిలబడిన మనుషులు. కాళ్లూ చేతులూ సరిగా కుదరని బొమ్మని వాళ్ల పేరు మీద పెట్టడం కన్నా, సగమే కనిపించినా తీరుగా ఉన్న మనిషిని పెట్టడం మంచిదని నా అభిప్రాయం.

ఎగ్జిబిషన్ అయ్యాక దుమ్ము పట్టకుండా పాత అక్వేరియం గాని, పారదర్శకమైన స్వీటు డబ్బా మూత గాని బోర్లించండి. లోపల చెప్పుల పెట్టెలో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు వేస్తే తేమ చేరదు. పురుగులు రాకూడదని కలరా ఉండలు వేయకండి, వాటి ఆవిరికి థర్మాకోల్ మెత్తబడి కుంగిపోతుంది.