మొదటిసారి కౌన్సెలింగ్‌కు వెళ్లే ముందు తెలుసుకోవలసినవి

అమెరికాకు కొత్తగా వచ్చిన మనవారిలో కొందరు మానసిక సమస్యలకు ఎంతో తటపటాయించి కౌన్సెలింగ్ మొదలుపెట్టి, ఒకటి రెండు సెషన్లకే మానేయడం చూస్తూ వచ్చాను. కారణం అడిగితే వచ్చే జవాబు దాదాపు ఒకటే: "ఆవిడ అన్నీ అడిగిందే గానీ, ఏం చేయాలో ఒక్క మాటా చెప్పలేదు." మొదటి సెషన్ ఉన్నదే అడగడానికని ముందుగా తెలిసి ఉంటే, వారిలో చాలామంది అక్కడితో ఆగిపోయేవారు కారని నా నమ్మకం.

ఆ సెషన్‌ను ఇన్‌టేక్ అంటారు. నిద్ర, ఆకలి, చదువు, ఉద్యోగం, కుటుంబం, పాత జబ్బులు, వాడుతున్న మందులు, మద్యం అలవాటు, అన్నింటి గురించీ అడుగుతారు. చాలాచోట్ల పీహెచ్‌క్యూ-9 అనే చిన్న పత్రం కూడా నింపమంటారు. గడచిన 2 వారాల్లో దిగులు, నిరాసక్తత, అలసట వంటివి ఎంత తరచుగా కలిగాయో అడిగే 9 ప్రశ్నలు అందులో ఉంటాయి. చివరిది చనిపోతే బాగుండుననో, తనకు తాను హాని చేసుకోవాలనో ఆలోచనలు వచ్చాయా అన్నది. దానిని చూసి బెదరకండి, అందరినీ అడిగే ప్రశ్నే అది. అటువంటి ఆలోచన ఉన్నదని చెప్పినంత మాత్రాన వెంటనే ఆసుపత్రిలో చేర్చరు. అది ఎంత తీవ్రంగా ఉన్నదో, అపాయం ఎంత దగ్గరలో ఉన్నదో నెమ్మదిగా అడిగి తెలుసుకుంటారు. దయచేసి ఆ ఒక్క ప్రశ్నకు మాత్రం ఉన్నది ఉన్నట్టు జవాబివ్వండి.

తరువాతి సెషన్లు సాధారణంగా వారానికొకసారి, 45 నుంచి 50 నిమిషాలు సాగుతాయి. ఈ పెళ్లి చేసుకోమనో, ఆ ఉద్యోగం మానేయమనో కౌన్సెలర్ తీర్పు చెప్పరు; మీ ఆలోచన ఎక్కడ చిక్కుపడుతున్నదో మీకే కనబడేలా ప్రశ్నిస్తారు, కొన్ని పద్ధతుల్లో ఇంటి దగ్గర రాసుకు రమ్మని అభ్యాసాలు కూడా ఇస్తారు. ఏళ్ల తరబడి అణచుకున్నది బయటికి వచ్చినప్పుడు, కొన్ని సెషన్ల తరువాత మనసు ముందుకన్నా బరువుగా అనిపించవచ్చు. అలా అనిపించిందని మానేయకుండా, ఆ సంగతినే తరువాతి సెషన్‌లో చెప్పండి.

ఇక మనవారిని అన్నిటికన్నా ఎక్కువగా వేధించే భయం, విషయం బయటికి పొక్కుతుందేమోనన్నది. 1996 నాటి హిపా చట్టంతో పాటు రాష్ట్రాల చట్టాలూ మీ గోప్యతను కాపాడతాయి. మీకో మరొకరికో ప్రాణాపాయం ముంచుకొచ్చినప్పుడు, పిల్లలపై హింస జరుగుతున్నదని తెలిసినప్పుడు, కోర్టు ఆదేశించినప్పుడు మాత్రం కౌన్సెలర్ నోరు విప్పవలసి రావచ్చు. ఈ మినహాయింపులను మొదటి రోజే వివరిస్తారు, వివరించకపోతే అడగండి. ఎక్కువమందికి తెలియని చిక్కు ఇంకొకటి ఉన్నది. భర్త ఇన్సూరెన్స్ మీద ఆధారపడిన, అతని ఉద్యోగ వీసాకు అనుబంధమైన హెచ్-4 వీసాపై వచ్చిన భార్య కౌన్సెలింగ్‌కు వెళ్తే, ఎప్పుడు, ఎవరి దగ్గరకు వెళ్లిందో చూపే చెల్లింపు వివరాల పత్రం భర్త పేరిట ఇంటికే రావచ్చు. అది ఆమెకు ప్రమాదమైతే, ఉత్తరాలు వేరే చిరునామాకు పంపమని ఇన్సూరెన్స్ కంపెనీని కోరే హక్కు ఆమెకు ఉన్నది. మొదటి అపాయింట్‌మెంట్‌కు ముందే ఆ పని చేసుకోవడం మంచిది.

గ్రీన్‌కార్డు గురించిన బెంగ కూడా తరచుగా వింటుంటాను. దిగులుకో ఆందోళనకో కౌన్సెలింగ్ తీసుకోవడమే అనర్హత కాదు. మనుషులకో ఆస్తికో హాని తలపెట్టే ప్రవర్తనతో ముడిపడిన మానసిక రుగ్మతనే వలస చట్టం అనర్హతగా చూస్తుంది.

ఖర్చుకు వెనకాడేవారు ముందుగా తమ విశ్వవిద్యాలయంలోని కౌన్సెలింగ్ కేంద్రాన్నో, కంపెనీ తన ఉద్యోగులకు ఇచ్చే ఈఏపీ అనే సహాయ సదుపాయాన్నో వాకబు చేయాలి. ఈఏపీలో కొన్ని సెషన్లు ఉచితం. మందులు అవసరమైతే సాధారణంగా సైకియాట్రిస్టు దగ్గరకు పంపుతారు, కౌన్సెలర్లు మందులు రాయరు.

కౌన్సెలర్ల లైసెన్సు సాధారణంగా రాష్ట్రానికి పరిమితం. మీరు వేరే రాష్ట్రానికి మారినా, కొన్నాళ్లు ఇండియాకు వెళ్లినా వీడియో సెషన్లు ఆగిపోవచ్చు కనుక ప్రయాణం సంగతి ముందే చెప్పి ఉంచండి. ఇంగ్లీషులో మనసు విప్పలేకపోతే తెలుగు వచ్చినవారిని వెతకండి, దొరకకపోతే దుబాసీని అడగండి. ఇంట్లోవారిని మాత్రం దుబాసీగా కూర్చోబెట్టకండి, వారి ఎదుట చెప్పలేనివే అసలు సంగతులు కావచ్చు. మూడు నాలుగు సెషన్ల తరువాత కూడా ఆ మనిషితో కుదరలేదనిపిస్తే ఆ మాట వారితోనే చెప్పండి. వారు నొచ్చుకోరు, తగిన మరొకరి పేరు సూచిస్తారు. అపాయింట్‌మెంట్ దొరికేలోపు పరిస్థితి చేయి దాటుతున్నట్టు అనిపిస్తే మాత్రం ఎదురుచూడకండి: మానసిక సంక్షోభంలో ఆదుకునే 988 సహాయ నంబరుకు ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు, మెసేజీ అయినా పంపవచ్చు.