మోకాలు నీది, పాస్‌బుక్కూ నీదే

ప్రశ్న: అమ్మా, మాది ఉద్దానంలో సముద్రం ఒడ్డు పల్లె. నాకు 27 ఏళ్లు. ఫుట్‌బాల్ ఆటగాణ్ణి, స్ట్రైకర్‌ని. పద్దెనిమిదో ఏట కలకత్తా వెళ్లి లీగులో ఒక చిన్న జట్టుకు ఆడాను. ఆ తర్వాత నుంచి ఐ-లీగ్ క్లబ్బులకు ఆడుతున్నాను. రెండేళ్ల కిందట మోకాలి కీలును పట్టి ఉంచే ఏసీఎల్ లిగమెంట్ తెగింది, ఆపరేషన్ అయింది. మళ్లీ ఆడుతున్నా గానీ మునుపటి వేగం లేదు. పోయిన సీజన్ మొత్తానికి రెండే గోల్స్. గోల్ దగ్గరికి వెళ్తే చాలు, టెన్షన్. రోజూ నొప్పి మాత్రలు వేసుకుంటున్నాను, మ్యాచ్ ఉన్నరోజు ఇంజక్షన్ చేయించుకుని దిగుతున్నాను. ఇప్పుడు ఒక క్లబ్బు తక్కువ డబ్బుకి ఏడాది కాంట్రాక్టు ఇస్తానంటోంది. ఇంకోపక్క స్పోర్ట్స్ కోటాలో రైల్వే ఉద్యోగం వచ్చింది, నెలలోపు చేరాలి. అన్నయ్య ఆడమంటున్నాడు. నన్ను పెంచి, చదివించింది ఆయనే. నాన్న కిడ్నీ జబ్బుతో పోయారు. జీడిపప్పు ఫ్యాక్టరీ అప్పుంది, ఇంకో రెండు సీజన్లు ఆడితే తీరిపోతుందంటాడు. ఛెత్రీ నలభై ఏళ్లకు ఆడాడు, వార్డీని చూడు అని వీడియోలు పంపిస్తాడు. నా భార్య పాపను తీసుకుని టెక్కలిలో పుట్టింటికి వెళ్లి నాలుగు నెలలైంది. పాపకు పాల డబ్బా కొనడానికి బావగారిని, అంటే మా అన్నయ్యను, డబ్బులు అడగాల్సి వచ్చిందని గొడవ. నా ఏటీఎం కార్డు అన్నయ్య దగ్గర ఉంటుంది. నేను ఆడాలా, ఉద్యోగంలో చేరాలా? గోల్స్ రావాలంటే మనసును ఎలా కుదుటపరచుకోవాలి? ఈ ఉత్తరం సంగతి అన్నయ్యకు తెలియకూడదు.
— పేరు వద్దు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: బాబూ, నా కొడుకు వయసువాడివి, నువ్వు అనే రాస్తాను.

ఉద్యోగంలో చేరు. నీ మొదటి ప్రశ్నకు ఇంతకుమించి జవాబు లేదు. గోల్స్ కోసం మనసును ఎలా కుదుటపరచుకోవాలన్న రెండోదానికి నేను జవాబే చెప్పను. కాలు నొప్పి తెలియకుండా సూది వేయించుకుని దిగేవాడికి మనసు కుదుటపడే చిట్కా చెప్పడం పాపం.

ముందు ఆ మాత్రల సంగతి తేలాలి. మీది కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం. మీ నాన్న పోయింది కిడ్నీ జబ్బుతో. నొప్పి మాత్రలు కిడ్నీల మీద పడతాయని మీ ప్రాంతంలో చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు. అలాంటి ఇంట్లో పుట్టి రోజూ వేసుకుంటున్నానని ఎంత మామూలుగా రాశావయ్యా! ఉత్తరంలో మిగతావన్నీ చదువుకుంటూ వెళ్లాను గానీ ఆ ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను. పలాసలో కిడ్నీ ఆసుపత్రి పెట్టారు, 2023 డిసెంబరులో మొదలైంది. ఈ వారమే వెళ్లి కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ పరీక్ష, మూత్ర పరీక్ష చేయించుకో. నాన్న సంగతి, మాత్రల సంగతి, ఇంజక్షన్ సంగతి ఏదీ దాచకుండా డాక్టరుకు చెప్పు. ఆ ఇంజక్షన్‌లో ఏముందో క్లబ్బు ఫిజియోను అడిగి కాగితం మీద రాయించుకుని తీసుకెళ్లు. అది స్టెరాయిడ్ అయితే పదేపదే చేయించుకుంటే మోకాలిలో మృదులాస్థి అరిగిపోతుంది. ఉత్త నొప్పి మందే అయినా, ఆగమని కాలు చెబుతున్న మాట నీకు వినపడకుండా చేస్తుంది. ఏసీఎల్ ఒకసారి తెగి తిరిగి మైదానంలోకి వచ్చినవాడికి మళ్లీ తెగే ప్రమాదం మిగతావాళ్లకంటే ఎక్కువ. స్ట్రైకర్ పనే ఒంటికాలి మీద గిరుక్కున తిరగడం, నిలుచున్నచోటి నుంచి ఒక్క ఉదుటున పరుగు తీయడం. ఆ కాలికి ఏమవుతోందో తెలియకుండా ఆ పని చేస్తున్నావు నువ్వు.

ఇక అసలు విషయానికి వస్తాను.

ఉత్తరమంతా అన్నయ్యే ఉన్నాడు. అన్నయ్య పెంచాడు, అన్నయ్య చదివించాడు, అన్నయ్య ఆడమన్నాడు, అన్నయ్యకు అప్పుంది, అన్నయ్యకు తెలియకూడదు. నీ జీతం ఎంతో మాత్రం ఎక్కడా రాయలేదు. క్లబ్బు ఇస్తానంటున్నది ‘తక్కువ డబ్బు’ అని రాశావు గానీ ఎంతో చెప్పలేదు. అప్పు ఎంతో, ఎంత తీరిందో, ఫ్యాక్టరీ ఎవరి పేరు మీద ఉందో, అదీ లేదు. నీకు తెలిసి ఉంటే రాసేవాడివే. నీకు తెలియదు. ఇరవయ్యేడేళ్ల మగాడివి, పెళ్లయి బిడ్డ తండ్రివి, ఇన్నేళ్లుగా సంపాదిస్తున్నావు, నీ కష్టార్జితం ఎటు పోతోందో నీకు తెలియదు. నీ సమస్య ఫుట్‌బాల్ కాదు. అన్నయ్య ముందు నువ్వింకా కలకత్తా రైలెక్కిన పద్దెనిమిదేళ్ల కుర్రాడిలాగే నిలబడుతున్నావు.

మీ అన్నయ్యను నేను తిట్టను. ఎవరైనా తిడితే ఊరుకోను కూడా. నాన్న మంచాన పడితే ఇంటి బరువు నెత్తికెత్తుకున్నది ఆయన. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మీ ఉద్దానాన్ని ఏం చేసిందో శ్రీకాకుళం జిల్లాలో ఉన్నవాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. కొబ్బరి, జీడి తోటలు తెల్లారేసరికి నేలమట్టమయ్యాయి. కొత్తగా పెట్టిన కొబ్బరి కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లలో నీ బూట్లకు, రైలు టిక్కెట్లకు, కలకత్తాలో గది అద్దెకు డబ్బు ఎక్కడి నుంచి తెచ్చాడో నువ్వు అడిగి ఉండవు. ఆయన చెప్పి ఉండడు. ఊళ్లో అందరూ పిల్లలకు క్రికెట్ బ్యాటు కొనిచ్చే కాలంలో తమ్ముణ్ణి ఫుట్‌బాల్‌కు పంపాడంటే ఎన్ని మాటలు పడ్డాడో. ఊసవానిపేట నుంచి వెళ్లి 2000లో సిడ్నీలో పతకం తెచ్చిన కరణం మల్లీశ్వరి జిల్లా ఇది. ఒక బిడ్డ ఆటలో పైకి రావాలంటే ఇంటిల్లిపాదీ ఎంత మోయాలో ఇక్కడివాళ్లకు తెలుసు. ఆ ఋణం నీ మీద ఉంది, తీర్చాలి. అన్న తండ్రితో సమానం అన్న మాటను నేనూ నమ్ముతాను.

అయితే తండ్రి బతికుండి ఉంటే కొడుకు మోకాలికి సూది వేయించి మైదానంలోకి పంపేవాడా? నీకు ఇంజక్షన్ చేస్తున్నారని మీ అన్నయ్యకు తెలుసో తెలియదో నువ్వు రాయలేదు. తెలిసే ఆడమంటున్నాడంటే అప్పులవాళ్లు గుమ్మంలో కూర్చుంటే మంచి మనిషికి కూడా కళ్లు కనపడవని అర్థం. తెలియక అంటున్నాడంటే తప్పు నీదే, నువ్వు చెప్పలేదు గనుక. నా అనుమానం రెండోదే. ఆయన బాధపడతాడని నువ్వు చెప్పవు, నువ్వు చెప్పవు కాబట్టి ఆయన అడుగుతూనే ఉంటాడు.

ఆ వీడియోల సంగతికొస్తే, ఛెత్రీ 2024 జూన్‌లో భారత జట్టుకు వీడ్కోలు చెప్పి, 2025 మార్చిలో తిరిగి వచ్చి మాల్దీవుల మీద గోల్ కొట్టిన మాట నిజమే. వార్డీ ఇంగ్లండ్‌లో ఫ్యాక్టరీలో పనిచేసుకుంటూ కింది లీగుల్లో ఆడి, పాతికేళ్లకు లెస్టర్ క్లబ్బులో చేరి, 2016లో ప్రీమియర్ లీగ్ గెలిచిన మాటా నిజమే. వాళ్ల మోకాళ్లు వేరు, నీ మోకాలు వేరు. మీ అన్నయ్య తుళసీదాస్ బలరాం గురించి పంపినట్టు లేదు. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టిన ఫార్వర్డ్ ఆయన. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టినవాడు, 1962 జకార్తా ఏషియాడ్‌లో స్వర్ణం గెలిచిన జట్టులో ఉన్నవాడు. ఆ మరుసటి ఏడాదే, దాదాపు నీ వయసులోనే, ఊపిరితిత్తుల జబ్బు వచ్చి ఆట వదులుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత అరవై ఏళ్లు బతికి 2023లో కన్నుమూశారు. ఆ జకార్తా జట్టులోనే ఉన్న పి.కె. బెనర్జీ ఈస్టర్న్ రైల్వే ఉద్యోగి. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మడన్ స్పోర్టింగ్ అనే పెద్ద క్లబ్బులు మూడూ ఉన్న కలకత్తాలోనే ఉండి, వాటికి పోకుండా రైల్వే జట్టుకే ఆడారు. 1958లో ఆ జట్టు కలకత్తా లీగే గెలిచింది. రైల్వేలో చేరితే బూట్లు అటక మీద పెట్టేయాలని నీకు చెప్పిందెవరు? మోకాలు బాగుందని డాక్టరంటే రైల్వే జట్టుకు ఆడుకో. బాగాలేదంటే జీతం ఎలాగూ వస్తుంది.

క్లబ్బు కాంట్రాక్టు మీద అప్పులు తీర్చే లెక్కలు వేయొద్దని మీ అన్నయ్యకు నా మాటగా చెప్పు. 2025లో దేశంలోకెల్లా పెద్ద లీగైన ఐఎస్‌ఎల్ సీజన్ ఎప్పుడు మొదలవుతుందో తేలక పెద్ద క్లబ్బులే కొన్ని ఆటగాళ్ల జీతాలు ఆపేశాయి. పై లీగులోనే అలా ఉంటే ఏడాది కాంట్రాక్టు, అదీ తక్కువకు, అదీ మానుతున్న మోకాలితో! పైగా మన దేశంలో క్లబ్బులు ముందు వరుసలో ఎక్కువగా విదేశీ ఆటగాణ్ణే దింపుతాయని నాకంటే నీకే బాగా తెలుసు. పోయిన సీజన్ రెండు గోల్స్ కొట్టినవాణ్ణి బెంచీ మీద కూర్చోబెడతారు. రెండు సీజన్లలో అప్పు తీరిపోతుందన్న లెక్క ఏ కాగితం మీద వేశాడో ఆ కాగితం చూడాలని ఉంది నాకు.

కాబట్టి ఆ కాగితమే తెప్పించు. మీ మేనమామనో, మీ ఇద్దరూ మాట వినే మరో పెద్దమనిషినో పిలిచి ఒక ఆదివారం ఇంట్లో కూర్చోండి. అమ్మ కూడా అక్కడే ఉండాలి, వదిన కూడా. వంటింట్లో ఉండి వినడం కాదు, పక్కన కూర్చోవాలి. ఫ్యాక్టరీ అప్పు ఎంత, బ్యాంకుకెంత, బయటివాళ్లకెంత, వడ్డీ ఎంత, నీ జీతం ఏ ఏడాది ఎంత వచ్చింది, ఎటు పోయింది, అంతా పుస్తకంలో రాయండి. గొంతు పెంచకు. దొంగలెక్కలు పట్టుకోవడానికి కూర్చున్నట్టు కాకుండా, ఇంటి బరువులో నీ వాటా నువ్వు తెలుసుకోవడానికి కూర్చో. ఇన్నేళ్లూ ఆయన ఒక్కడే మోశాడు కదా. రైల్వే జీతంలో నెలకు ఇంత అని ఒక మొత్తం అనుకుని, అప్పు తీరేదాకా ఒకటో తారీఖుకల్లా అన్నయ్య చేతిలో పెట్టు. ఒక్క నెల కూడా తప్పకు. ఆలస్యమైతే ముందే ఫోన్ చేసి చెప్పు. ఏటీఎం కార్డు, పాస్‌బుక్ మాత్రం ఆ రోజే తీసుకో. బ్యాంకులో ఫోన్ నంబరు ఆయనది ఉంటే మార్పించుకో. ‘నా మీద నమ్మకం లేదా’ అని అడుగుతాడు, తప్పకుండా అడుగుతాడు. ‘నీ మీద నమ్మకం ఉంది అన్నయ్యా, నా పెళ్లాం బిడ్డల బాధ్యత నాది’ అను, అంతే. ఏడిస్తే ఏడవనీ. నీకు ఏడుపొచ్చినా పరవాలేదు, కార్డు మాత్రం జేబులో పెట్టుకునే లే. వేరుపడాలి, ఇల్లు పంచుకోవాలి అన్న మాట ఎవరు ఎత్తినా ఆ రోజుకు వద్దను.

ఇక నీ భార్య. పాప పాలడబ్బాకు బావగారి ముందు నిలబడి చెయ్యి చాపడం ఆడదానికి ఎలా ఉంటుందో నీకు అర్థమైనట్టు లేదు. ‘అని గొడవ’ అన్న రెండు ముక్కల్లో తేల్చేశావు. ఆమె చీరలకో నగలకో అలిగి వెళ్లలేదయ్యా. తాళి కట్టినవాడు సంపాదిస్తూ ఉండగానే ఆ ఇంట్లో అడుక్కునే పరిస్థితి వచ్చిందని వెళ్లింది. నేనైతే నాలుగు నెలలు ఆగేదాన్ని కాదు, ఆ రోజే పెట్టె సర్దుకునేదాన్ని. ఈ నాలుగు నెలల్లో ఎన్నిసార్లు టెక్కలి వెళ్లావో రాయలేదు. పలాస నుంచి టెక్కలి ఎంత దూరం? అన్నయ్యతో కూర్చోవడానికి ముందే వెళ్లు. వదినతో కబురు పంపకు, అమ్మను వెంటబెట్టుకుని వెళ్లకు, ఒక్కడివే వెళ్లు. మామగారు మాటంటే పడు. మోకాలి సంగతి, మాత్రల సంగతి, రెండు గోల్స్ సంగతి అన్నీ ఆమెకు చెప్పు. ఇవన్నీ ముక్కూ ముఖం తెలియని నాకు రాశావు గానీ ఆమెకు చెప్పినట్టు నీ ఉత్తరంలో ఎక్కడా లేదు. వెంటనే బయల్దేరి రమ్మని అడగొద్దు. కార్డు చేతికొచ్చాక, రైల్వేలో చేరాక, ఏ ఊళ్లో పోస్టింగ్ ఇస్తే అక్కడ చిన్న గది చూసి అప్పుడు పిలువు. జీతం ఆమెకు తెలిసేలా ఖర్చు పెట్టు.

ఈ ఉత్తరం సంగతి అన్నయ్యకు తెలియకూడదన్నావు. నీ పేరు వేయలేదు. కానీ మీ ఇంట్లో పత్రిక చదివేవాళ్లు ఉంటే పోల్చుకుంటారు. అందుకని ఎవరో చూపించేలోపు నువ్వే చూపించు. నీ నోటితో చెప్పలేని మాటలు ఇందులో కొన్ని ఉన్నాయి, అవి చదివి వినిపించు చాలు.

పలాస వెళ్లేటప్పుడు ఆపరేషన్ కాగితాలు, ఎంఆర్ఐ కూడా పట్టుకెళ్లు. రిపోర్టు రాగానే క్రియాటినిన్ ఎంతుందో నాకు రాయి. ఈలోపు డాక్టరుకు చూపించకుండా ఒక్క మాత్ర కూడా వేసుకోకు.