గుంటూరులో ఇల్లు, తాళాలు చుట్టాల దగ్గర

కొత్తగా లండన్ వచ్చిన ఒకబ్బాయి మొన్న ఫోన్ చేశాడు. గుంటూరు బ్రాడీపేటలో వాళ్ళ నాన్నగారు కట్టిన ఇల్లుంది. కింది వాటాలో అద్దెకున్నవాళ్ళు, పై వాటాలో ఇల్లు చూసుకుంటాడని ఉంచిన దూరపు చుట్టం. "అన్నా, పన్నెండేళ్ళు ఉంటే ఇల్లు వాళ్ళదైపోతుందట కదా?" అని ఒకటే టెన్షన్.

ఆ మాట సగమే నిజం. దావాలు ఎన్నాళ్ళలోపు వేయాలో చెప్పే 1963 లిమిటేషన్ చట్టంలో, ఇల్లు తిరిగి ఇప్పించమని యజమాని కోర్టుకెళ్ళడానికి 12 ఏళ్ళ గడువు ఉంది. కానీ అది యజమాని హక్కును కాదని, "ఇది నాదే" అంటూ బాహాటంగా అనుభవిస్తున్నవాడి విషయంలో. మీరు ఉండమంటే ఉన్నవాడు ఆ లెక్కలోకి రాడు. వాచ్‌మన్, కేర్‌టేకర్ ఎన్నేళ్ళున్నా ఆస్తిలో హక్కు రాదని సుప్రీంకోర్టు 2012లో తేల్చి చెప్పింది.

అసలు చూడాల్సింది ఆ మనిషి ఎలా వచ్చాడన్నది. అద్దె కట్టి, వాటాను పూర్తిగా తన స్వాధీనంలో పెట్టుకున్నవాడు అద్దెదారు. ఒప్పందం మీద లైసెన్స్ (అంటే ఉండటానికి అనుమతి మాత్రమే) అని రాసుకున్నా, కోర్టు పేరును కాదు, వాస్తవాన్ని చూస్తుంది. ఊరికే ఉండనిచ్చిన చుట్టం లైసెన్సీ. 1882 ఈజ్‌మెంట్స్ చట్టం ప్రకారం అతనికున్నది మీ అనుమతి మాత్రమే. అది రద్దు చేసి, సామాన్లు తీసుకెళ్ళడానికి తగిన గడువిస్తే చాలు. అయితే "పైన ఒక గది వేసుకుంటాను బావా" అంటే మాత్రం ఒప్పుకోకండి. మీ అనుమతి మీదే ఉంటూ సొంత ఖర్చుతో శాశ్వత కట్టడం కట్టినవాడికి ఆ అనుమతిని రద్దు చేయలేని పరిస్థితి రావచ్చు.

మా కష్టం వేరే దారిలో వచ్చింది. విజయవాడ పటమటలో మా ఇంట్లో ఒక బంధువును అద్దె లేకుండా ఉండనిచ్చాం. ఆయన అప్పుడప్పుడు అమ్మ ఖాతాలో మూడు వేలు వేసేవాడు. ఖర్చులకేమో అనుకుని అమ్మ ఊరుకుంది. ఖాళీ చేయమన్నాక ఆ జమలన్నీ అద్దేనని, తాను అద్దెదారునని కోర్టులో చూపించాడు. నాలుగేళ్ళు తిరిగాం. నాన్న ఆ దిగులుతోనే మంచం పట్టారు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను: చుట్టం దగ్గర డబ్బు తీసుకోకండి, తీసుకుంటే అద్దెకిచ్చినట్టే కాగితం రాసుకోండి.

తాళం పగలగొట్టి చొరబడినవాడి సంగతి వేరు. అతను ఆక్రమణదారు, వెంటనే పోలీసులకు ఫిర్యాదు చేయాలి. అంతేగానీ మనుషుల్ని పంపి సామాన్లు బయట పడేయించొద్దు. చట్టప్రకారం కాకుండా ఖాళీ చేయిస్తే, ఆరు నెలల్లోపు యజమాని మీదైనా దావా వేసి స్వాధీనం తిరిగి పొందే వీలుంది.

పదకొండు నెలల అగ్రిమెంటుకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్న మాటా నమ్మకండి. రిజిస్ట్రేషన్ చట్టానికి 1999లో చేసిన సవరణ తర్వాత ఆంధ్రలో ఎన్ని నెలల లీజైనా రిజిస్టర్ చేయాల్సిందే.

ఆ అబ్బాయి సంక్రాంతికి ఊరెళ్తున్నాడు. పై వాటా చుట్టంతో "అద్దె లేకుండా, మీ అనుమతితో ఉంటున్నాను, అడిగినప్పుడు ఖాళీ చేస్తాను" అని సాక్షుల ఎదుట సంతకం పెట్టించుకోమన్నాను. ఇంటి పన్ను, కరెంటు మీటరు ఎవరి పేరున ఉన్నాయో కూడా చూసుకుని రమ్మన్నాను.