దుకాణం తెరవబోతున్న మేనల్లుడికి

విజయనగరం.

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

గంటస్తంభం దగ్గర దుకాణం ఖాయమైందని, పొందూరు ఖద్దరు, బుడితి ఇత్తడి సామాను, సీతంపేట కొండల తేనె, పసుపు అమ్మదలచావని తెలిసి సంతోషించాను. వస్తువు ఎవరి చేతుల్లో, ఎలా తయారైందో, వారికి ఎంత ముట్టిందో కొనేవారికి అక్కడికక్కడే తెలియాలన్న నీ సంకల్పం ఎంతో మంచిది. అయితే అందుకోసం గోడకు పెద్ద తెర, సొంత యాప్ అంటున్నావు. ఆ రెండూ ఇప్పుడే వద్దు. ఒక్క తువ్వాలు కోసం వచ్చిన మనిషి యాప్ డౌన్‌లోడ్ చేసుకోడు, గోడమీది తెర అతని చేతిలో ఉన్న తువ్వాలు గురించి చెప్పదు. కౌంటరు వెనక ఏళ్ల తరబడి నిలబడినవాడిగా చెబుతున్నాను, సమాచారం వస్తువును అంటిపెట్టుకునే ఉండాలి.

కాబట్టి ప్రతి వస్తువుకూ ఒక అట్ట చీటీ, దానిమీద క్యూఆర్ కోడ్ చాలు. 1994లో జపానులోని డెన్సో వేవ్ సంస్థ కార్ల విడిభాగాల లెక్క కోసం రూపొందించిన ఈ గుర్తు మనవాళ్లకు డబ్బు చెల్లించేదిగానే పరిచయం. అందుచేత చెల్లింపు కోడ్‌కు దూరంగా, వేరే రంగులో పెట్టి, పైన పెద్ద అక్షరాలతో "ఇది డబ్బు కట్టే కోడ్ కాదు, ఈ బట్ట ఎవరు నేశారో చూడండి" అని రాయించు. వాటిమీద ఎవరైనా మరో స్టిక్కరు అంటించారేమో రోజూ తెరిచేటప్పుడు చూసుకో. ఇత్తడి చెంబు వంపు మీద అంటిస్తే కోడ్ సరిగా చదవబడదు, మెరిసే లామినేషన్ మీద ట్యూబులైటు వెలుగు పడినా అంతే. మెడకు దారంతో కట్టిన గరుకు అట్ట మేలు. ఉచితంగా కోడ్ చేసిచ్చే వెబ్‌సైట్లు కొన్ని లింకును తమ సర్వరు గుండా మళ్లించి, గడువు తీరాక సొమ్ము అడుగుతాయి. నేరుగా నీ వెబ్ చిరునామాకు వెళ్లే కోడ్ చేయించుకుంటే, ఆ పేజీలోని సమాచారం మార్చినా చీటీలు మళ్లీ అచ్చువేయనక్కర్లేదు.

ఫోను తీయనివారికి కూడా అసలు సంగతి చీటీ మీదే కనబడాలి: ఊరు, తయారుచేసినవారు, ఒక్క ముఖ్యమైన విశేషం. మిగిలినది కోడ్ వెనక ఉంచు. చదవలేని పెద్దవాళ్లు ఎందరో వస్తారు కనుక అక్కడ రాతకంటే మాట, దృశ్యం ఎక్కువ ఉండాలి. పొందూరులో కొండపత్తిని వాలుగ చేప దవడతో ఏకుతారు. ఆ సన్నని పళ్ల మధ్య నుంచి దూది పోగులు విడివడడం అర నిమిషం వీడియోలో చూపించి, వడికే ఆమె చేతే మన యాసలోనే చెప్పించు. ఆమె అనుమతి తీసుకో, ఆమె సమయానికి డబ్బు కూడా ఇవ్వు. ఎంత ముట్టిందో బయటపెట్టే ముందు ఆమెను తప్పక అడగాలి, ఎందుకంటే ఆ అంకె ఊళ్లో ఆమెను ఇబ్బంది పెట్టవచ్చు.

అన్నిటికంటే నీవు జాగ్రత్తపడవలసింది మాటల విషయంలో. "పర్యావరణహితం", "సహజం" వంటి మాటలు ఆధారం లేకుండా వాడరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ ఆధారాలను క్యూఆర్ కోడ్ ద్వారా చూపే వెసులుబాటు కూడా అందులో ఉంది. 2013 నాటి నిబంధనల ప్రకారం ఖాదీ మార్కు లేని బట్టను ఖాదీ పేరుతో అమ్మకూడదు. తేనె సీసా మీద 14 అంకెల ఆహార భద్రతా లైసెన్సు నంబరు ఉండాలి. తేనె, పసుపు వంటి వాటిమీద సేంద్రియం అని రాయాలంటే అధికారిక ధ్రువీకరణ, దాని గుర్తు కావాలి. బార్‌కోడ్ 890తో మొదలైతే భారతదేశంలో తయారైనట్టేనని కొందరు చెబుతారు. అది నంబరు ఇచ్చిన సంస్థను మాత్రమే సూచిస్తుంది గనుక నీ చీటీల్లో ఆ మాట రానీయకు. నీవు స్వయంగా చూడనిది, కాగితం లేనిది రాయవద్దు. పసుపు ఏ ఊరిదో ఆ విడత నీకు తెలియకపోతే ఆ గడి ఖాళీగానే వదిలెయ్యి, అడిగినవారికి తెలియదనే చెప్పు.

కోడ్ తెరవగానే ఫోను నంబరు అడిగే పేజీ పెట్టించవద్దు. చూడడానికి వచ్చినవారు వెంటనే మూసేస్తారు, పైగా 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కింద అదొక బాధ్యత అవుతుంది.

ముందు ఖద్దరుకు, తేనెకు మాత్రమే చీటీలు రాసి, అచ్చుకు ఇచ్చేలోగా ఆధార పత్రాల నకళ్లతో సహా నాకు పంపు.

ఇట్లు,
నీ మామయ్య