పిండం పచ్చగా ఉండదు కదా, ప్లాస్టిడ్‌కు (హరితరేణువు, దాని పచ్చబడని రూపాలు ఉండే కణభాగాల కుటుంబం) కావలసిన జన్యువు పాడైతే ఎందుకు చనిపోతోంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: విషమయుగ్మజ (జన్యువు కాపీల్లో ఒకటి మంచిది, ఒకటి పాడైనది) మొక్కజొన్న మొక్కను సెల్ఫ్ చేస్తే, అంటే దాని పుప్పొడినే దానికి వేస్తే, కంకిలో పావు వంతు గింజలకు పిండం లేదు, అంకురచ్ఛదం (గింజలో ఆహారం దాచే భాగం, ఎండోస్పెర్మ్) మాత్రం నిండుగా ఉంది. పాడైన జన్యువు ఏదో వెతికే మ్యాపింగ్‌లో, కేంద్రకంలో ఉండే ప్లాస్టిడ్ రైబోజోమ్ (ప్రోటీన్లు తయారుచేసే యంత్రం) ప్రోటీన్ జన్యువు తేలింది. అదే మ్యుటేషన్‌ను ఇంకో ఇన్‌బ్రెడ్ లైన్‌లోకి (తరాలుగా సెల్ఫ్ చేసిన స్థిరమైన రకం) బ్యాక్‌క్రాస్ చేస్తే, అంటే ఆ రకంతోనే మళ్లీ మళ్లీ సంకరం చేస్తే, పిండాలు బతికి తెల్ల మొలకలు వస్తున్నాయి. మ్యాపింగ్ తప్పేమోనని టెన్షన్ పడుతున్నారు.

ఈ ఒక్క కారణంతో మ్యాపింగ్‌ను అనుమానించకండి. నేను పీహెచ్‌డీలో ఇలాంటి గింజ మ్యుటెంట్ల మీదే పనిచేశాను. ఒకే మ్యుటేషన్ ఒక లైన్‌లో పిండాన్ని చంపడం, ఇంకో లైన్‌లో తెల్ల మొలకనివ్వడం నేనూ చూశాను.

హరితరేణువు అనగానే కిరణజన్య సంయోగక్రియే గుర్తొస్తుంది, చిక్కంతా అక్కడే. పిండ కణాల్లో ఉండేవి ఇంకా పచ్చబడని ప్రోప్లాస్టిడ్లు. కొవ్వు ఆమ్లాలు, చాలా అమైనో ఆమ్లాలు, జిబ్బరెల్లిన్ లాంటి హార్మోన్ల తొలి దశలు తయారయ్యేది వాటిలోనే. అక్కడి రైబోజోమ్ ఆగితే దెబ్బ ఆకుపచ్చ రంగుకే పరిమితం కాదు. మీది కొత్త సంగతీ కాదు. 2004లోనే రెండు మొక్కజొన్న పిండ మ్యుటెంట్లలో ఇదే బయటపడింది: లెమ్1లో పాడైంది ప్లాస్టిడ్ రైబోజోమ్ ఎస్9 ప్రోటీన్, ఎంబ్8516లో ఎల్35. తర్వాత ఎంబ్12 అనే ఇంకో పిండ మ్యుటెంట్‌లో పాడైంది, ప్లాస్టిడ్ అనువాదాన్ని (రైబోజోమ్ ప్రోటీన్ తయారుచేయడాన్ని) మొదలుపెట్టే ఐఎఫ్3 ప్రోటీన్ అని తేలింది.

మరి అంకురచ్ఛదం ఎందుకు బాగుంది? ఆ గింజల్లో దాని మూడు జన్యు కాపీలూ పాడైనవే. అయినా పిండిపదార్థం చేసే ఎంజైములు కేంద్రకం జన్యువుల నుంచి తయారై ప్లాస్టిడ్‌లోకి వెళ్తాయి కాబట్టి, సొంత రైబోజోమ్ లేకపోయినా అమైలోప్లాస్ట్ (పిండిపదార్థం దాచే ప్లాస్టిడ్) తన పని చేసుకుపోతుంది.

అరబిడాప్సిస్ (ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడే చిన్న మొక్క, గడ్డిజాతి కాదు) పేపర్లు చదివి దీన్ని అర్థం చేసుకోబోతే దారి తప్పుతారు. అక్కడ కొవ్వు ఆమ్లాల తయారీకి కావలసిన ఎసిటైల్ కోఎ కార్బాక్సిలేజ్ ఎంజైమ్‌లో ఒక భాగాన్ని ప్లాస్టిడ్‌లోనే ఉండే ఎసిసిడి జన్యువు ఇస్తుంది. ప్లాస్టిడ్ అనువాదం ఆగితే పిండం చనిపోవడానికి అదొక పెద్ద కారణం. మొక్కజొన్న ప్లాస్టిడ్ జీనోమ్‌లో ఆ జన్యువే లేదు, ఎంజైమ్ మొత్తం కేంద్రకం నుంచే వస్తుంది. గడ్డిజాతి మొక్కల్లో ప్లాస్టిడ్ రైబోజోమ్ లేని తెల్ల మొలకలు రాగలగడానికి ఆధారం ఇదే. 1924 నుంచి తెలిసిన ఐయోజాప్ అనే మొక్కజొన్న మ్యుటెంట్ ఆకుల్లోని తెల్ల చారల్లోనూ ప్లాస్టిడ్లకు రైబోజోములు ఉండవు. కాబట్టి తేడా తెస్తున్నది మీ రెండో లైన్‌లో ఉన్న వేరే కేంద్రక జన్యువులని, అంటే మ్యుటేషన్ దెబ్బను తగ్గించే సప్రెసర్లని, ముందు అనుకోవాలి. అసలు థీసిస్‌కు పనికొచ్చే ప్రశ్న అదేనని నా అభిప్రాయం, మీ గైడ్ ఏమంటారో గానీ.

ఇక చేతి పని. పిండం లేని గింజను జీనోటైప్ చేయాలంటే, అంటే అందులో ఏ జన్యు కాపీలు ఉన్నాయో తేల్చాలంటే, అంకురచ్ఛదం డీఎన్‌ఏ చాలు. ఒకే పుప్పొడి రేణువులోని రెండు శుక్రకణాలూ జన్యుపరంగా ఒకటే, అరుదుగా మాత్రమే పిండానికి ఒక రేణువు, అంకురచ్ఛదానికి ఇంకో రేణువు అందుతాయి. గింజపై పొర సంగతే జాగ్రత్త. అది తల్లి కణజాలం, విషమయుగ్మజం. అది కొద్దిగా అంటుకున్నా పీసీఆర్‌లో (డీఎన్‌ఏ ముక్కను పెంచి చూసే పరీక్ష) సన్నగా మామూలు జన్యువు బ్యాండ్ కనిపించి, మ్యుటెంట్ గింజ విషమయుగ్మజంలా చదువుకుంటుంది. మేం గింజను రాత్రంతా నానబెట్టి, ఫోర్సెప్స్‌తో పొర ఒలిచి, కిరీటం వైపు నుంచి అంకురచ్ఛదాన్ని బ్లేడుతో గీకేవాళ్లం. మొన వైపు ముట్టుకునేవాళ్లం కాదు, అక్కడ తల్లి కణజాలం గట్టిగా అతుక్కుని ఉంటుంది. ఎండిన కంకిలో గింజలు లెక్కపెట్టేటప్పుడు పిండం వైపు లోపలికి గుంటపడి ముడతలుగా ఉన్నవాటిని విడిగా తీయండి. అనుమానంగా ఉన్నవి నిలువుగా కోసి చూడాల్సిందే.

తెల్ల మొలకలకు ఇంకో పరీక్ష ఉంది. కొన్నింటిని బాగా మసక వెలుతురులో పెంచండి. కెరోటినాయిడ్ల లోపం వల్ల తెల్లబడిన మొలకలైతే అక్కడ కాస్త పచ్చబడతాయి. రైబోజోమే లేనివి తెల్లగానే ఉండిపోతాయి. గింజలో దాచుకున్న ఆహారం అయిపోతే, అంటే రెండు మూడు వారాల్లో, చనిపోతాయి కాబట్టి ఆకు నమూనాలు ముందే తీసి ఆర్‌ఎన్‌ఏ జెల్ వేయండి. ప్లాస్టిడ్ రైబోజోమల్ ఆర్‌ఎన్‌ఏ బ్యాండ్లు లేకపోతే చాలావరకు తేలినట్టే.

రివ్యూయర్ అడగబోయేది మాత్రం రెండో అల్లీల్, అంటే అదే జన్యువు వేరే చోట పాడైన ఇంకో రూపం. అదే జన్యువులో ఇంకో మ్యూటేటర్ ట్రాన్స్‌పోజాన్ (చోటు మారే డీఎన్‌ఏ ముక్క) ఇన్సర్షన్ ఉన్న స్టాక్ తెప్పించి, రెండు విషమయుగ్మజాలను క్రాస్ చేయండి. ఆ కంకిలోనూ పావు వంతు గింజలకు పిండం లేకపోతే మ్యాపింగ్ గురించి ఇక ఎవరూ అడగరు. ఈ క్రాస్ పిండం చనిపోయే లైన్‌లోనే పెట్టుకోండి, రెండో లైన్ కలిస్తే లెక్క కలగాపులగం అవుతుంది.